గాలి జిల్లాలో గుడి తగాదా

జిల్లాలు చెయ్యడంలో తెలుగువాడికున్న అనుభవం భూగోళం మీద ఇంకెవరికీ లేదని నా దృఢ విశ్వాసం. తెలంగాణలో 10 జిల్లాలు 2016 దసరాకి 31 అయ్యాయి, 2019కి 33. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26. ఇంతటి నైపుణ్యం ఇంట్లోనే మగ్గిపోతోందన్న బాధతో, నల్లసముద్రం ఒడ్డున ముప్పై ఏళ్లుగా తెగని ఒక పంచాయితీకి నేను ఏకసభ్య కమిషన్‌గా బయల్దేరుతున్నాను. ఎవరూ పిలవలేదు. పెద్దమనుషుల్ని ఎవరూ పిలవరు, వాళ్లే వస్తారు.

ఆ చోటు అబ్ఖాజియా. ఇటు ఇంగురి నది, అటు రష్యా సరిహద్దులో ప్సోవు నది, మధ్యలో సముద్రతీరం. అది తన భూభాగమేననీ రష్యా ఆక్రమణలో ఉందనీ జార్జియా లెక్క. మన దేశంతో సహా లోకంలో చాలామంది దాన్ని వేరే దేశంగా గుర్తించలేదు. అక్కడ కుర్చీలో ఉన్నవాళ్లు మాత్రం స్వతంత్ర దేశమంటారు.

కేసు చదివాక తెలిసింది, ఇది అంతర్జాతీయ న్యాయస్థానానికి కాదు, ఒకటో తరగతి పంతులుగారికి పోవలసిన కేసని. జార్జియా వాళ్లు సుఖుమి అంటారు, అబ్ఖాజ్ వాళ్లు సుఖుమ్ అంటారు. వాళ్లకు త్క్వార్చెలి, వీళ్లకు త్క్వార్చల్. వాళ్ల జిల్లా గాలి (పేరు నేను పెట్టింది కాదు), వీళ్ల జిల్లా గాల్. గొడవంతా గుడి దగ్గరే. పూజలు జరిగే గుడి కాదు, అక్షరం నెత్తిన పెట్టే గుడి. ఒకరు గుడి ఉండాలంటారు, ఇంకొకరు దాన్ని కూల్చి పొల్లు పెట్టాలంటారు.

ఈ గుడికి స్థలపురాణం ఉంది. 1936 ఆగస్టు దాకా రష్యన్ కాగితాల్లో సుఖుమ్ అనే ఉండేది. ఆ నెలలో గుడి కట్టారు. అప్పట్లో సోవియట్ జార్జియాలో చక్రం తిప్పుతున్నవాడు లవ్రెంతి బెరియా. ఆయన పుట్టిన మెర్ఖెయులి ఊరు సుఖుమి పక్కనే. అదే ఏడాది డిసెంబరులో అబ్ఖాజ్ నాయకుడు నెస్తర్ లకోబా బెరియా ఇంట్లో విందు తిని, తెల్లారేలోగా పోయాడు. గుడి కట్టినవాళ్ల ఇంట ప్రసాదం ముట్టేముందు ఆలోచించుకోవాలి. 1992లో, జార్జియాకీ అబ్ఖాజ్ వాళ్లకీ యుద్ధం జరుగుతుండగా, ఆ గుడిని కూల్చారు. తమాషా ఏమిటంటే అబ్ఖాజ్ భాషలో ఆ ఊరి పేరు ఈ రెండూ కాదు, ఆక్వా.

అబ్ఖాజ్ వాళ్ల బాధ నాకు అర్థమైంది. వాళ్ల భాషలో హల్లులు 58 దాకా ఉన్నాయి, అచ్చులు రెండే. అంత పొదుపుగా కాపురం చేసుకుంటున్న ఇంట్లోకి పక్కవాడు వచ్చి ఒక అచ్చు అంటించి పోతే మండదూ? మనది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బస్ వస్తే బస్సు చేశాం, కార్ వస్తే కారు చేశాం, పొల్లుతో ఏ మాటనీ గుమ్మం దాటనివ్వలేదు. అందుకే నా మధ్యేమార్గం: ఇకనుంచి ఇద్దరూ సుఖుము, గాలము అనాలి. గాలం వేసిందెవరో, తగులుకున్న చేప ఎవరో తర్వాత తేల్చుకోవచ్చు.

ఊళ్ల విషయానికి వస్తే కమిషన్‌కు కాస్త తల తిరిగింది. ప్సోవు దగ్గర ఒక ఊరు మొదట యెర్మోలోవ్స్క్, తర్వాత ఒక జార్జియన్ సైన్యాధికారి పేరుతో లెసెలిద్జె, ఇప్పుడు గ్యాచ్రిప్ష్. దాని పొరుగూరు పిలెన్కొవొ, ఆ తర్వాత గంతియాది, అంటే వేకువ. ఇప్పుడు త్సాంద్రిప్ష్. అక్కడ పుట్టి పెరిగిన ముసలాయన ఇల్లు కదలకుండానే మూడు ఊళ్లు తిరిగాడు.

జిల్లాల లెక్కా కుదరదు. 1995లో అబ్ఖాజ్ ప్రభుత్వం గాల్ నుంచి కొంత, ఒచమ్చిర నుంచి కొంత కోసి త్క్వార్చల్ జిల్లా చేసింది. జార్జియా దాన్ని ఒప్పుకోదు. కాబట్టి వీళ్లకు 7, వాళ్లకు 6. ఆ 6 జిల్లాల అబ్ఖాజియాకు జార్జియా తరఫున ప్రభుత్వం కూడా ఉంది, మంత్రులతో సహా, జార్జియా రాజధాని టిబిలిసిలో. ఆ తొంభైల యుద్ధంలో ఇళ్లు వదిలిన జార్జియన్లు రెండు లక్షల పైమాటే, వాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేక ఇవతలే ఉండిపోయారు. సుఖుమి యూనివర్సిటీ సైతం టిబిలిసిలోనే. ఎంబీబీఎస్‌కని జార్జియా వెళ్లే మన పిల్లలు గమనించగలరు: టాక్సీ ఎక్కి సుఖుమి యూనివర్సిటీ అంటే వాడు సముద్రం వైపు తీసుకెళ్లడు.

ఇక 2008 ఆగస్టులో రష్యా, జార్జియాల యుద్ధం అవగానే రష్యా అబ్ఖాజియాను దేశంగా గుర్తించింది. తర్వాత నికరాగువా, వెనెజువేలా, నౌరు, సిరియా. తువాలు, వనువాటు కూడా వచ్చాయి గానీ భోజనాల వేళకి లేచిపోయాయి. ఈ నౌరు గురించి వాకబు చేశాను. విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు, జిల్లాలు 14. ఆ పూట నాకు అన్నం సహించలేదు. మొదట గుర్తించిన పెద్దన్న రష్యా మటుకు ఊరికే పోలేదు. 2011లో సరిహద్దు గీత గీసే వేళ ఐబ్గా అనే ఊరి వైపు 160 చదరపు కిలోమీటర్లు తనవన్నది.

ఒక్క విషయంలో రెండు పక్షాలకూ దండం పెట్టాను. ఇంగురి ఆనకట్ట జార్జియా చేతిలో ఉంది, ఆ నీళ్లు సొరంగంలో పోయి చేరే పవర్‌హౌస్ గాలి జిల్లాలో, అంటే అబ్ఖాజ్ వాళ్ల చేతిలో ఉంది. తుపాకులు గురిపెట్టుకుంటూనే కరెంటు పంచుకుంటున్నారు. 2023 నవంబరులో నాగార్జునసాగర్ 26 గేట్లను సగానికి లెక్కపెట్టి మధ్యలో ముళ్లకంచె వేసిన మన ఘనత వాళ్లకు తెలియకపోవడమే మంచిది.

గాలి జిల్లా ముసలమ్మ పెన్షన్‌కీ మందులకీ ఇంగురి వంతెన దాటాలి. 2017లో నబకేవి, ఒతోబాయా దగ్గరి దార్లు మూసేశాక, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి చుట్టు తిరిగి రావలసి వచ్చింది. వంతెన ఎక్కేటప్పుడు పది, దిగేసరికి పదకొండు దాటుతుంది. ఇవతలి గడియారం గంట ముందుంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు ఆ గంట ఆమెకి ఇచ్చేస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో తీసుకున్నది తిరిగి ఇచ్చింది అదొక్కటే.

కమిషన్ స్వయంగా వెళ్లి చూడాలి. ప్సోవు వైపు నుంచి దిగితే 2008 నాటి చట్టం కింద జార్జియా కేసు పెడుతుంది. ఇంగురి వైపు నుంచి వెళ్తే అవతలివాళ్ల అనుమతి కాగితం కావాలి. ఆ కాగితం పుచ్చుకుంటే వాళ్లను గుర్తించినట్టా కాదా అన్నది ఇంకో ఫైలు. ఈలోగా ప్రయాణ భత్యం ఫారమైనా నింపుదామని కూర్చున్నాను. గమ్యస్థానం దగ్గర ‘గాల్ జిల్లా’ అని రాసి, టీ తాగడానికి బయటికెళ్లాను. వచ్చేసరికి మా గుమస్తా, అయ్యగారి అక్షరం సగంలో విరిగిందనుకుని, ఎర్ర ఇంకుతో గుడి కట్టేశాడు.