ప్రోస్టేట్ చుట్టూ ‘కొలాజెన్ గోడ’: వాట్సాప్ ప్రచారానికి ఖండన

ప్రోస్టేట్ గ్రంథి చుట్టూ కొలాజెన్ అనే పీచు ప్రోటీన్‌తో కట్టిన గోడ ఉంటుందని, వయసుతో అది పల్చబడితే క్యాన్సర్ వస్తుందని, కొలాజెన్ పొడి పాలలో కలుపుకొని తాగితే గోడ గట్టిపడుతుందని, అందుకు రుజువుగా రక్తపరీక్షలో కొలిచే పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ ప్రోటీన్ తగ్గుతుందని, పరీక్ష కోసం ముక్క తీసే బయాప్సీ సూది మాత్రం ఆ గోడకు చిల్లు పెట్టి క్యాన్సర్‌ను ఒళ్లంతా పాకిస్తుందని ఒక సందేశం విజయవాడ, గుంటూరు వాకర్స్ గ్రూపుల్లో తిరుగుతోంది. సూర్యారావుపేటలో డాక్టరు రాసిచ్చిన బయాప్సీ చీటీని జేబులో పెట్టుకున్న పెద్దాయన ఇది చదివితే పరీక్ష మానుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక్కో మాటకూ జవాబు చెప్పక తప్పదు.

ముందుగా గోడ సంగతి. డాక్టర్లు క్యాప్సూల్ అని పిలిచేది పీచూ కండరమూ కలిసిన పట్టీ మాత్రమే. గ్రంథి కొస దగ్గరా ముందు భాగంలోనూ అదీ సరిగా కనబడదు. కొలాజెన్ గ్రంథి లోపలంతా ఉంటుంది. ఆరోగ్యకరమైన ప్రోస్టేట్ ముక్కకు మాసన్ ట్రైక్రోమ్ రంగులు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే, స్రావం తయారుచేసే నాళికల మధ్య జాగా ఎక్కువగా ఎర్రటి నునుపు కండరంతో నిండి, కొలాజెన్ నీలి పోగులు దాని నడుమ సన్నగా సాగుతుంటాయి. క్యాన్సర్‌కు స్పందించిన కణజాలంలో ఆ ఎరుపు తగ్గి నీలం పెరుగుతుంది, ఎందుకంటే కండర కణాల చోట మయోఫైబ్రోబ్లాస్టులనే, పీచును తయారుచేసే కణాలు చేరి ఒకటో రకం కొలాజెన్‌నూ, గాయాలు మానేటప్పుడు కనిపించే టెనాసిన్-సి ప్రోటీన్‌నూ పేరుస్తాయి. కొలాజెన్ తగ్గడమే జబ్బుకు మూలమన్న వాదానికి ఇది పూర్తిగా ఎదురు.

నిజంగా లోపించేది వేరే ఉంది. ఆరోగ్యకరమైన నాళికలో స్రావక కణాల వరుస, దాని కింద బేసల్ కణాల వరుస, వాటికి ఆనుకొని నాలుగో రకం కొలాజెన్, లామినిన్ అనే ప్రోటీన్లతో అల్లిన పల్చని ఆధారత్వచం ఉంటాయి. క్యాన్సర్‌లో బేసల్ వరుస మాయమవుతుంది. దాన్ని త్వచానికి పట్టి ఉంచే లామినిన్-332 కూడా పోతుంది. బేసల్ కణాలను చూపే పి63 పరీక్షలో రంగు పడకపోతే పాథాలజిస్టు క్యాన్సర్‌ను అనుమానించేది అందుకే.

పొడి విషయం త్వరగా తేల్చవచ్చు. తిన్న కొలాజెన్ అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్లుగా విరిగిపోతుంది. వాటితో ఎక్కడ ఏ ప్రోటీన్ తయారవ్వాలో ఆయా అవయవాల కణాలే నిర్ణయిస్తాయి.

పీఎస్‌ఏ మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. వీర్యాన్ని పల్చబరిచే ఈ ఎంజైము, నాళిక చుట్టూ అమరిక చెదిరితే రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. అయితే ఇన్ఫెక్షన్‌లోనూ, మామూలు ప్రోస్టేట్ పెరుగుదలలోనూ, మూత్రం ఆగిపోయినప్పుడూ అది పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ తగ్గాక క్రమంగా దిగుతుంది. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు నెలల తరబడి వాడేవారిలో, క్యాన్సర్ ఉన్నా సరే, సుమారు సగానికి పడిపోతుంది. అలాంటి తగ్గుదలను పొడి ఖాతాలో వేసుకోవడం ప్రాణాపాయం.

ఇక బయాప్సీ. ఇబ్బందులు లేవని అనను: మూత్రంలో, వీర్యంలో కొన్నాళ్లు రక్తం కనిపించవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, చలిజ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సూది దారి వెంట ప్రోస్టేట్ క్యాన్సర్ నాటుకోవడం మాత్రం చాలా అరుదు. క్యాన్సర్ కణాలు పాకడానికి సూది అవసరం లేదు. ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 వంటి ఎంజైములతో చుట్టూ ఉన్న ప్రోటీన్లను కరిగించుకుంటూ అవే దారి చేసుకుంటాయి. జబ్బు ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్రేడును, 1966లో అమెరికా పాథాలజిస్టు డొనాల్డ్ గ్లీసన్ ప్రతిపాదించినప్పటి నుంచీ, నాళికల అమరికను చూసే వేస్తున్నారు. ఎంఆర్‌ఐ ఎక్కడ గుచ్చాలో చూపగలదు కానీ ఆ గ్రేడు ఇవ్వలేదు; దానికి ముక్క తీసి చూడాల్సిందే.