కొత్త కోణం గారికి, ఒక పాత ప్రేక్షకుడు

మహారాజశ్రీ కొత్త కోణం గారికి,

తమరు క్షేమమని తమరి కర్ణుడి సినిమా పోస్టర్లు చూస్తేనే తెలుస్తోంది. ‘వ్యాసుడు దాచిన నిజం’ అని నిలువెత్తు అక్షరాల్లో వేయించి, మొన్న ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని మూడు గంటలు కూర్చోబెట్టారు. ఇంతకీ వ్యాసుడు దాచింది కర్ణుడి సిక్స్‌ప్యాక్ అని ఇంటర్వెల్‌కి గానీ బోధపడలేదు. టికెట్ రేటు గురించి మాట్లాడను, బీపీ పెరుగుతుంది.

కథ మార్చారని నా ఏడుపు కాదండీ. మార్చకపోతే మనకి మాయాబజార్ ఎక్కడిది? వ్యాస భారతంలో శశిరేఖే లేదు. 1957లో ఆ సినిమా తీసినవాళ్లు పాండవుల్ని ఒక్క సీన్లోనూ చూపించకుండా కథ నడిపారు. పాండవులకి రాజ్యం పోగానే సంబంధం వద్దన్న రేవతమ్మ ద్వారకలో ఉంటుంది గానీ, పిల్లాడికి పొలమెంత అని ఆరా తీసే మన వీధి మనిషే. 1920లో త్రిపురనేని రామస్వామి, తపస్సు చేసిన శూద్రుణ్ణి రాముడు చంపిన కథతో శంబూక వధ నాటకం రాసి, బ్రాహ్మణేతర ఉద్యమం కోపాన్నంతా రాముడి కొలువులోకి తెచ్చారు. 1977 సంక్రాంతికి దాన వీర శూర కర్ణలో సుయోధనుడు అందరి ముందూ కులం లెక్క అడిగాడు. ఆ చేత్తోనే భానుమతితో డ్యూయెట్టూ పాడాడు, సరే, పాట బాగుంది కాబట్టి మాఫీ. రచయిత్రి ఓల్గా విముక్త కథల్లో సీత వెళ్లి శూర్పణఖ తోటలో కబుర్లాడింది. పాత కథని అడ్డం పెట్టుకుని వీళ్లంతా తమ కాలాన్నే నిలదీశారు. వ్యాసుడో వాల్మీకో దాచాడని ఎవరి మీదా నెపం వెయ్యలేదు.

తమరి కాలం ఏమిటో తమరి కర్ణుణ్ణి చూస్తే తెలిసింది. హీరో తప్పు చేస్తే ఫ్యాన్స్ ఊరుకోరు. అంతేనా?

ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చిన సీన్లో తమరి కర్ణుడు కళ్లనిండా నీళ్లతో తల దించుకున్నాడు, వెనకాల వయొలిన్. సభాపర్వం ఒకసారి తెరిచి చూడండి. నూరుగురు కౌరవుల్లో వికర్ణుడొక్కడు లేచి ఇది అధర్మం అన్నాడు. వాడి నోరు మూయించింది ఎవరు? కర్ణుడు. అయిదుగురు మొగుళ్లున్నది కులట అన్నది ఎవరు? కర్ణుడు. బట్టలు లాగెయ్యమని దుశ్శాసనుడికి చెప్పింది? మళ్లీ ఆయనే. తమరి సినిమాలో వికర్ణుడు అసలు పుట్టనే లేదు!

అడవిలో ఉన్న పాండవుల ముందు డాబు చూపించడానికి వెళ్లిన ఘోషయాత్రలో కర్ణుడు గంధర్వుల చేతిలో ఓడి పారిపోయాడు కదా, అదీ లేపేశారు. పోనీ, ఫైట్ మాస్టర్ ఒప్పుకోలేదేమో.

కానీ ఇది మాత్రం వదలను. ఉద్యోగపర్వంలో కృష్ణుడితో కర్ణుడే అంటాడు, దుర్యోధనుణ్ణి మెప్పించడానికి పాండవుల్ని అనరాని మాటలన్నాను, ఇప్పుడు బాధపడుతున్నాను అని. ఆ మనిషిలో అన్నిటికంటే పెద్ద ఘట్టం అది. నువ్వు తప్పు చెరిపేశావు, దాంతో పశ్చాత్తాపమూ పోయింది. మిగిలింది ఏమిటి? కండలు, కన్నీళ్లు, స్లో మోషన్. తప్పు ఒప్పుకునే మగాణ్ణి తెర మీద చూపించడానికి నీకంత భయమేమిటయ్యా? వ్యాసుడు భయపడలేదే! దాచింది ఆయన కాదు, నువ్వు.

హాలు బయటికొచ్చాక మా మేనల్లుడు, ‘మావయ్యా, పాపం కర్ణుడు ఎవర్నీ ఒక్క మాట అనలేదు, అయినా చంపేశారు’ అన్నాడు. బండి తీస్తూ పైదంతా వాడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, ‘అబ్బ, ఆ సీన్ పెట్టుంటే అదిరిపోయేది కదా’ అన్నాడు.

విన్నారా? ఫ్యాన్ అన్న మాట అది.

రెండో భాగంలో శకుని చిన్ననాటి ప్రేమకథ ఉందట. మావాడు అప్పుడే ఇద్దరికీ టికెట్లంటున్నాడు. వికర్ణుడికి కనీసం ఒక్క డైలాగైనా ఇవ్వండి, వస్తాను.

ఇట్లు,
కె వరుస, పదమూడో సీటు