మాకూ ఒక సముద్రం శాంక్షన్ చేయాల

మా బావ చీరాల పక్కన వాడరేవులో ఇల్లు కట్టుకున్నాడు, ఆ పొద్దు నుంచి రోజూ తెల్లారేసరికి వాట్సాప్‌లో ఒక చేప ఫోటో. మొప్పలు చూడు బామ్మర్దీ ఎంత ఎర్రగా ఉండాయో, కన్ను చూడు అద్దం మాదిరి, ఐస్ తగల్లేదు, పడవ దిగి నేరుగా మా కుండలోకే, మునక్కాయ పెరట్లోది, చింతకాయ పెరట్లోది, ఎక్కడ పుట్టింది అక్కడే తినాల, అదే ఆరోగ్యం. సిద్ధాంతం బాగుంది, మనమూ పాటిద్దామని అనంతపురంలో చుట్టుపక్కల ఏం పుడతాదో సీరియస్‌గా లెక్కేసినా. శనక్కాయ, ఎండ, బండరాళ్లు. శనక్కాయ కూడా వానొస్తేనే, ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లు పడే ఊరు మాది.

అన్యాయం యాడుందంటే, పెన్న మా జిల్లా మీదుగానే పోయి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తాది, అంటే రూల్ ప్రకారం మాకూ సముద్రానికి డైరెక్ట్ కనెక్షన్ ఉన్నట్టే. సముద్రంలో విలస గోదారికి ఎదురీది పులస అయిపోతాది, పుస్తెలమ్మి అయినా తినాలంటారు దాన్ని, మరి అదే చేప పెన్నకి ఎదురీది తాడిపత్రి దాకా ఎందుకు రాదు? వివక్ష కాక ఇంకేంది. మధ్యలో సోమశిల డ్యామ్ ఉందని, అది దాటినా పైన ఇసుకలో ఈదాలని కొందరు సాకులు చెప్తారు. ఇసుకైనా మిగిలిందా లేదా అనేది లారీలోళ్లని అడగాల.

మా జిల్లాలో చేపలే లేవని కాదు. శ్రీశైలం వెనక నీళ్లని మాల్యాల దగ్గర మోటార్లతో ఎత్తిపోస్తే హంద్రీనీవా కాలవలో మాకొస్తాయి, ఆ నీళ్లలో పెరిగిన బొచ్చె లోకలా, కృష్ణమ్మ బిడ్డా? బావని అడిగితే నెట్వర్క్ లేదన్నాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజన్ పడవలకి వేట బంద్, మా బావ ఫోటోలూ బంద్. ఆ రెండు నెలలు ఏం తింటారక్కా అంటే చెరువు రూప్‌చంద్ అని మెల్లగా చెప్పింది. పోయిన మే నెలలో బావే ఫోన్ చేసినాడు, మీ అక్క ఊరుబిండి పచ్చడి కావాలంటాంది, శనక్కాయలు ఒక మూట బస్సులో వెయ్ బామ్మర్దీ అని.

ఎక్కడ పుట్టింది అక్కడే తినాల కదా బావా, బస్సెక్కి నువ్వే రా అన్నా.

వచ్చినాడు. రెండు మూటలు మోసుకుపోయినాడు, పోతా పోతా ఎండు నెత్తళ్ల కవరొకటి ఇచ్చిపోయినాడు. వాసన చూస్తే ఇప్పుడవి మా వీధికి పక్కా లోకల్.