ఆలస్యం ఎక్కడ పుట్టింది?

వేళకు బస్సులు నడపలేకపోతున్న స్థానిక రవాణా సంస్థను నియంత్రణాధికారులు విచారణకు పిలిచారంటే ప్రయాణికులకు ముందుగా కలిగేది ఊరట. ఇన్నాళ్లూ స్టాపులో నిలబడి తిట్టుకున్న తిట్లకు చివరికి ఒక ఫైలు నంబరు వచ్చిందన్న తృప్తి అది. ఆ తృప్తిని తప్పుపట్టలేము. అయితే ఎన్ని బస్సులు ఆలస్యమయ్యాయన్న ప్రశ్నతో మొదలై, ఎంత జరిమానా వేయాలన్న ప్రశ్నతో ముగిసిపోయే విచారణ వల్ల స్టాపులో నిలబడిన మనిషికి ఒరిగేది స్వల్పమని మేము భావిస్తున్నాము. ఆ రెండింటి నడుమ అడగవలసిన అసలు ప్రశ్న మరొకటి ఉంది. పోయిన ప్రతి నిమిషమూ ఎక్కడ పోయింది? డిపో గేటు దగ్గరా, టైంటేబుల్ రాసిన బల్ల దగ్గరా, నడిరోడ్డు మీదా?

టైంటేబుల్‌ను చాలామంది ఉజ్జాయింపు సమాచారంగానే చూస్తారు. చట్టం దృష్టిలో అది అంతకంటే బరువైనది. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 72వ సెక్షన్ ప్రకారం, ఆమోదించిన వేళల నుంచి బస్సు ఎంతమేరకు అటూఇటూ కావచ్చో నిర్దేశించి, ఆ పరిధిలోనే నడపాలని పర్మిట్టుకు షరతు పెట్టే అధికారం రవాణా ప్రాధికార సంస్థకు ఉంది. బ్రిటన్‌లో 1930 నాటి చట్టంతో ఏర్పడిన, బస్సు సంస్థలకు లైసెన్సులిచ్చే ట్రాఫిక్ కమిషనర్లు ఇటువంటి బాధ్యతనే నిర్వహిస్తున్నారు. లండన్ వెలుపల 1986 అక్టోబరు 26 నుంచి అక్కడి బస్సు సంస్థలకు ఏ మార్గంలో ఏ వేళల్లో నడపాలో తామే నిర్ణయించుకునే స్వేచ్ఛ లభించింది. అందుకు ప్రతిగా ఆ వేళలను కమిషనర్ వద్ద నమోదు చేయాలి, నమోదు చేసినట్టే నడపాలి. నిర్ణీత వేళకు ఒక నిమిషం ముందు మొదలుకొని ఐదు నిమిషాల తర్వాతి వరకు బయలుదేరిన బస్సును వేళకు నడిచినట్టే లెక్కిస్తారు. నూటికి 95 సార్లు బస్సు ఆ గడిలో ఇమడాలన్నది ప్రమాణం. సహేతుకమైన కారణం లేకుండా తప్పిన సంస్థకు 2000 నాటి రవాణా చట్టం కింద ఒక్కో బస్సుకు 550 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. ఆ లెక్క ఆలస్యమైన బస్సులకు మాత్రమే కాదు, లైసెన్సు కింద ఉన్న బస్సులన్నిటికీ వర్తిస్తుందన్నది గమనార్హం.

ఆలస్యానికి ఐదు నిమిషాల వెసులుబాటు ఇచ్చిన నియమం, ముందుగా వెళ్లిపోవడానికి ఒక్క నిమిషమే ఎందుకు ఇచ్చిందో ఆలోచిస్తే సమయపాలన అంటే ఏమిటో బోధపడుతుంది. అరగంటకో బస్సు నడిచే మార్గంలో నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన బస్సు ప్రయాణికుడి దగ్గర నాలుగు నిమిషాలే తీసుకుంటుంది. రెండు నిమిషాలు ముందే వెళ్లిపోయిన బస్సు, సరిగ్గా వేళకు స్టాపుకు చేరినవాడి దగ్గర అరగంట తీసుకుంటుంది. సంస్థ దస్త్రాల్లో మాత్రం ఆ రెండో బస్సు చురుకైన సర్వీసుగానే మిగిలిపోతుంది. పైగా తప్పిపోయిన బస్సును చూడని మనిషి, అది అసలు రానే లేదనుకుంటాడు. ఫిర్యాదు అలాగే రాస్తాడు. వచ్చింది కదా అని సంస్థ దాన్ని కొట్టిపారేస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

బస్సులు తరచుగా నడిచే మార్గాల్లో లెక్క ఇంకో రకంగా ఉంటుంది. అక్కడ ఎవరూ టైంటేబుల్ చూసి ఇంట్లోంచి బయలుదేరరు. పది నిమిషాలకో బస్సు ఖచ్చితంగా వస్తుంటే సగటు నిరీక్షణ ఐదు నిమిషాలు. అవే బస్సులు ఒకసారి ఐదు నిమిషాలకు, మరోసారి పదిహేను నిమిషాలకు వస్తుంటే సగటు ఆరుంపావు నిమిషాలవుతుంది, ఎందుకంటే పొడుగు విరామంలో స్టాపుకు చేరేవారే ఎక్కువమంది. ఇరవై నిమిషాలకోసారి రెండేసి జంటగా వస్తే నిరీక్షణ పది నిమిషాలకు పెరుగుతుంది. గంటకు నడిచిన బస్సుల సంఖ్య ఒక్కటీ తగ్గలేదు, ఎదురుచూపు మాత్రం రెట్టింపయింది. జంటగా రావడం యాదృచ్ఛికమూ కాదు. కొంచెం వెనకబడిన బస్సుకు ప్రతి స్టాపులోనూ ఎక్కువమంది ఎదురవుతారు, వారు ఎక్కేసరికి అది మరింత వెనకబడుతుంది. వెనక వచ్చే బస్సుకు ఎక్కేవారే ఉండరు గనుక అది ముందుదాన్ని అందుకుంటుంది. నూవెల్, పాట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1964లోనే దీన్ని గణితంలో చూపించారు. కాబట్టి ‘రోడ్డు మీద రద్దీ’ అన్న ఒక్క మాటతో సంస్థ తప్పుకోవడం కుదరదు. చిన్న ఆలస్యం పెరిగి పెద్దది కాకుండా దాన్ని అందుకోబోయే వెనక బస్సును కాసేపు ఆపడం, రెండింటి నడుమ ఎడం సర్దడం కంట్రోలు గదిలో కూర్చున్నవారి పని. ఆ గదిలో రాత్రి ఎనిమిది తర్వాత మనిషి ఉంటున్నాడా అన్నది విచారణలో అడగదగిన చాలా మంచి ప్రశ్న.

శాతాల సంగతికి వద్దాం. మా వంటి పత్రికలకూ శాతాలంటే మక్కువే. శీర్షికలో తేలిగ్గా ఇమిడిపోతాయి. కానీ సమయపాలన శాతాన్ని పెంచడానికి బస్సును వేళకు నడపడం ఒక్కటే మార్గం కాదు. పూర్తిగా రద్దయిన ట్రిప్పు ఆలస్యం కాదు. నడిచిన బస్సులను మాత్రమే లెక్కపెట్టే పట్టికలో అది కనిపించకుండా పోతుంది. స్టాపుకు బస్సే రాకపోవడం కంటే పెద్ద ఆలస్యం ఏముంటుంది? అయినా ఆలస్యమయ్యే ట్రిప్పును రద్దు చేస్తే శాతం పెరుగుతుంది. మొదటి స్టాపులోనూ చివరి స్టాపులోనూ మాత్రమే వేళను కొలిస్తే, నడుమ ఉన్న ముప్పై స్టాపులలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ప్రయాణ వేళకు పది నిమిషాలు అదనంగా కలిపి టైంటేబుల్ రాసుకుంటే, రోడ్డు ఖాళీగా ఉన్న రోజున బస్సు స్టాపులలో ఊరకే నిలబడి కాలక్షేపం చేస్తుంది. సీటులో ఉన్నవారి సమయం హరించుకుపోయినా పట్టికలో నూటికి నూరు మార్కులు పడతాయి. ఈ మూడింటినీ విడదీసి చూడకుండా ఒకే అంకెను బల్ల మీద పెట్టి వాదించుకునే విచారణ కాగితాల మధ్యనే పుట్టి కాగితాల మధ్యనే ముగుస్తుంది.

ఆలస్యం పుట్టిన చోటును వెతకడం నిజానికి అంత కష్టం కాదు. నేటి బస్సులలో చాలావాటికి ఉపగ్రహ ఆధారిత జాడ పరికరాలున్నాయి; ఏ బస్సు ఏ స్టాపును ఏ క్షణంలో దాటిందో నమోదవుతూనే ఉంటుంది. మొదటి స్టాపు నుంచే బస్సు ఆలస్యంగా బయలుదేరితే ఆ ట్రిప్పుకు రద్దీని కారణంగా చెప్పలేరు. డ్రైవరు రాలేదా, బస్సు మొరాయించిందా, లేక అదే బస్సు వెనకటి ట్రిప్పు నుంచి ఆలస్యంగా తిరిగి వచ్చిందా అన్నది తేల్చాలి. మూడోదే ఎక్కువగా జరుగుతుంటే తప్పు టైంటేబుల్‌లో ఉందన్నమాట. ఉదాహరణకు, రానూపోనూ 92 నిమిషాలు పట్టే మార్గంలో రెండు కొసలా కలిపి 28 నిమిషాల విరామం ఇస్తే చుట్టు 120 నిమిషాలవుతుంది. ఇరవై నిమిషాలకో సర్వీసు నడపడానికి ఆరు బస్సులు కావాలి. విరామాన్ని 8 నిమిషాలకు కుదిస్తే చుట్టు 100 నిమిషాలకు దిగుతుంది, ఐదు బస్సులు సరిపోతాయి. ప్రయాణికుడికి ప్రకటించిన వేళల్లో మార్పేమీ ఉండదు. సంస్థకు ఒక బస్సు, దాని సిబ్బంది జీతాలు మిగులుతాయి. కానీ పొద్దున ఎనిమిదిన్నరకు పోగొట్టుకున్న పది నిమిషాలు ఇక ఒక్క చుట్టులో పూడవు, తర్వాతి ట్రిప్పుల్లోకీ పాకుతాయి. డ్రైవరు మంచినీళ్లు తాగే తీరిక కూడా ఆ ఖాతాలోనే పోతుంది. ఈ పొదుపు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో సంస్థ నోటితో చెప్పించడమే నియంత్రణాధికారి అసలు పని.

సంస్థ చేతిలో లేని నిమిషాలూ ఉన్నాయి, వాటిని దాని నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ముందస్తు సమాచారం లేకుండా తవ్విన రోడ్డు, బస్సులకు కేటాయించిన వరుసలో నిలిపిన కార్లు, బస్సు స్టాపునే ఆక్రమించిన వాహనాలు, ఏళ్ల తరబడి సవరించని సిగ్నళ్ల వ్యవధి: వీటిపై అధికారం రోడ్ల శాఖదో, నగరపాలక సంస్థదో, పోలీసులదో. విచారణ గదిలో మాత్రం సాధారణంగా బస్సు సంస్థ ఒక్కటే కూర్చుంటుంది. మిగిలిన కుర్చీలు ఖాళీ. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత అందరికీ పంచుకుపోయి చివరికి ఎవరి చేతికీ అంటకుండా పోవడం ఈ గదుల్లోనే జరుగుతుంది. బ్రిటన్‌లో 2008 నాటి స్థానిక రవాణా చట్టం, రోడ్డు అధికారుల నుంచి కూడా సమాచారం కోరి, వారు తీసుకోవలసిన చర్యలను నివేదికలో సూచించే వీలు ట్రాఫిక్ కమిషనర్లకు కల్పించింది. శిక్షించే అధికారం కాకపోయినా, రాతపూర్వకంగా వేలెత్తి చూపగలగడం చిన్న విషయం కాదు. అటువంటి వీలు లేని చోట నియంత్రణ సంస్థ తనంత తానుగా ఆ శాఖలను పిలిచి, రాకపోతే రాలేదని ఉత్తర్వులో నమోదు చేయాలి.

జరిమానా అవసరం లేదని మేము అనడం లేదు. అది ఎటు దారి తీస్తుందో చూసి వేయమంటున్నాము. డ్రైవర్లు చాలని సంస్థకు భారీ జరిమానా పడితే, అది చేసే మొదటి పని ఆదాయం తక్కువగా ఉన్న మార్గాలను వదిలించుకోవడం. మిగిలిన కొద్ది సర్వీసులు చక్కగా వేళకు నడుస్తాయి, శాతం మెరుగుపడుతుంది, ఊరి చివరి స్టాపులో మాత్రం బోర్డు ఒక్కటే మిగులుతుంది. అంతకంటే ప్రమాదకరమైనది, జరిమానా భారాన్ని డ్రైవరు జీతంలోకి నెట్టడం. ఆలస్యానికి జీతం కోత పడుతుందని తెలిసిన మనిషి కాలు ఆక్సిలరేటరు మీదే ఉంటుంది. స్టాపులో చెయ్యెత్తిన వృద్ధురాలు అతడికి కనిపించదు. ఈ రెండు దారులనూ మూస్తూ ఉత్తర్వులో స్పష్టమైన షరతులు రాయకపోతే, శిక్ష పడినది సంస్థకు, అనుభవించినది ఇతరులు అవుతారు.

ఒప్పందం ద్వారా బస్సులు నడిపే చోట్ల డబ్బుకూ వేళకూ ముడిపెట్టే పద్ధతి ఇంతకంటే మెరుగ్గా పనిచేయగలదు. లండన్‌లో 2001 నుంచి అమలులోకి వచ్చిన ఒప్పందాల్లో, తరచుగా నడిచే మార్గాలకు, ప్రయాణికులు అదనంగా ఎంతసేపు ఎదురుచూడవలసి వచ్చిందన్న లెక్కను బట్టి సంస్థకు ప్రోత్సాహకమో కోతో ఉంటుంది. సింగపూర్ 2014లో ఇదే సూత్రాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టింది. ముడి సరిగ్గా పడకపోతే ఏమవుతుందో చిలీ రాజధాని శాంటియాగో చూపించింది. టికెట్ల సంఖ్యను బట్టి డ్రైవర్ల సంపాదన ఉన్న కాలంలో అక్కడ బస్సులు ప్రయాణికుల కోసం రోడ్ల మీద పందేలు వేసుకునేవి. దాన్ని మాన్పడానికి 2007 ఫిబ్రవరిలో తెచ్చిన కొత్త వ్యవస్థ తొలి రోజుల్లో సంస్థల ఆదాయానికి చాలావరకు హామీ ఇచ్చింది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, బస్సు తిరిగినా తిరగకపోయినా డబ్బు వచ్చే చోట బస్సులు ఎందుకు బయటికి వస్తాయి? స్టాపుల్లో జనం పేరుకుపోయారు. చివరికి ఆ ఒప్పందాలను సవరించవలసి వచ్చింది.

నియంత్రణాధికారులను మేము కోరేది ఇది. విచారణకు ఆధారమైన స్టాపువారీ వేళలను, రద్దయిన ట్రిప్పులతో సహా, ఎవరైనా చూసుకునేలా బయట పెట్టాలి. ముందుగా వెళ్లిన బస్సులను ఆలస్యమైన వాటితో కలపకుండా వేరుగా లెక్కగట్టాలి. కొసల వద్ద విరామాన్ని సరిచేసిన కొత్త టైంటేబుల్‌కు గడువు విధించి, ఆ గడువు తర్వాత అవే మార్గాల్లో, అవే స్టాపులలో మళ్లీ కొలవాలి. రాత్రి ఆఖరి బస్సుకు ప్రత్యేకంగా ఒక పేజీ కేటాయించాలి. పగటి ట్రిప్పు తప్పితే వెనక ఇంకోటి ఉంటుంది. ఆఖరి బస్సు రెండు నిమిషాలు ముందు వెళ్లిపోయినా, రద్దయినా, దాని వెనక తెల్లవారేదాకా ఏదీ లేదు. సగటు లెక్కల్లో అదీ మిగతా ట్రిప్పులలాంటి ఒక ట్రిప్పే.