డాలర్లు కాదు మామా, క్వాచాలు

ఆఫ్రికాలోని మలావి దేశంలో మిషనరీలుగా సేవ చేస్తున్న మా అక్కా బావా మూడేళ్ళ తర్వాత మొన్న క్రిస్మస్‌కి కావలి వచ్చారు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పమన్నారు. బావ పది నిమిషాలు మాట్లాడాడు. అక్కకి రెండు మాటలకే ఏడుపొచ్చేసింది. అయిపోయాక మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే సంఘ పెద్ద ఒకాయన, మాకు వరసకు మామే, నవ్వుతా అడిగాడు, "ఏమ్మా, జీతం డాలర్లలోనేనా?" అని. అక్క "క్వాచాలు మామా" అంది, అంటే మలావి డబ్బు. ఆయనకి అర్థం కాలా. ఇంకేదో పెద్ద డబ్బు అనుకున్నాడేమో, "మంచిదే, మంచిదే" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి నాకు కడుపులో మండుతానే ఉంది, అందుకే ఇది రాస్తున్నా.

వాళ్ళుండేది అక్కడి పెద్ద పట్నం బ్లాంటైర్‌లో కాదు, అక్కడికి బస్సులో చాలా దూరం. వానాకాలం నవంబర్‌లో మొదలైతే ఏప్రిల్ దాకా, ఆ మట్టి రోడ్డు మీద బండి కూరుకుపోతే చుట్టుపక్కల వాళ్ళొచ్చి తోయాల్సిందే. బావ ఆదివారం మూడు చోట్ల ఆరాధన నడుపుతాడు, ఒకచోట మందిరం అంటే ఇటుక గోడలు, పైన రేకులు ఇంకా పడలేదు. అక్కడి వాళ్ళు మాట్లాడే చిచేవా భాష మొదటి ఏడాదంతా నలిగి నలిగి నేర్చుకున్నాడు, ప్రసంగంలో ఏదో మాట తప్పు పలికితే సంఘమంతా పడీపడీ నవ్విందంట. అక్క నర్సు కాబట్టి ఇంటి ముందు ఎప్పుడూ నలుగురు ఉంటారు, జ్వరమని ఒకరు, పురుడని ఒకరు. వాళ్ళ తిండి ఎన్సిమా, మొక్కజొన్న పిండితో చేసే మన సంకటి లాంటిదే, అది తిని తిని మా మేనల్లుడికి ఇక్కడ చేపల పులుసు ఘాటుగా ఉందంట! నెల్లూరు జిల్లా పిల్లోడు చేపల పులుసు దగ్గర నీళ్ళు తాగుతా కూర్చుంటే మా అమ్మ ముఖం చూడాలి. వాడికి రెండుసార్లు మలేరియా వచ్చింది. ఈ సంగతి సాక్ష్యంలో చెప్పలేదు, నాకు మాత్రం చెప్పారు.

మన వాళ్ళకి మిషనరీ అంటే సముద్రం దాటి మన దగ్గరకి వచ్చినవాడే. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1న అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర దంపతులు చేసిన ప్రార్థన, 1876-78 నాటి ధాత కరువులో ఇంకో అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించడం, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం, ఇవన్నీ సండే స్కూల్ పిల్లలు కూడా గడగడా చెప్తారు. చెప్పాల్సిందే, నేను కాదనను. (ఆ రోజుల్లో ఊరూరా తిరిగి సువార్త చెప్పిన మనవాడు తాళ్ళకొండపాడు పేరయ్య గారి పేరు అడిగితే సగం మంది నోరు మూసుకుంటారు, అది వేరే బాధ.)

మరి జాన్ రంగయ్య గారు? నెల్లూరాయన. 1903లో తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సంఘమే ఆయన్ని కుటుంబంతో సహా దక్షిణాఫ్రికా నేటాల్‌కి పంపింది. 1860 నుంచి మద్రాసులో ఓడలెక్కి ఐదేళ్ళ ఒప్పందం మీద చెరకు తోటలకి పోయిన మన కూలీల్లో తెలుగు వాళ్ళు బోలెడు మంది, వాళ్ళకి తెలుగులో వాక్యం చెప్పే మనిషి కావాలి. 1903 చివరికే అక్కడ కియర్స్‌నీ టీ తోటలో సంఘం కట్టాడు. 1915లో చనిపోయే దాకా ఆ పనే.

లెక్క వేయండి, రంగయ్య గారు వెళ్ళేటప్పటికి ధాత కరువు అయిపోయి పాతికేళ్ళు. ఆ కరువులో గంజి తాగిన మనుషులు, వాళ్ళ పిల్లలే, ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న తమ వాళ్ళ కోసం కానుక వేశారు. మా నాయనమ్మ కూడా వంట చేసేటప్పుడల్లా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేసేది, నెలాఖరున స్త్రీల సమాజం వాళ్ళొచ్చి తీసుకుపోయేవాళ్ళు. ఆమెకి మేం ఇచ్చిన చీరలు నాలుగు, ఎప్పుడూ కట్టేవి రెండు.

ఇప్పుడు మా సంఘంలో ఏసీలు ఆరు. అక్కావాళ్ళు బయల్దేరేటప్పుడు స్టేజి మీద చేతులుంచి ప్రార్థన చేసి, నెలకి ఐదు వేలు పంపుతామని కమిటీ మాట ఇచ్చింది, ఫొటోలు దిగారు, ఫ్లెక్సీ కూడా వేశారు. ఏడు నెలలు పంపారు. తర్వాత ఆగిపోయింది. ఎందుకని అడిగితే ట్రెజరర్ గారు "వాళ్ళకేంరా, ఫారిన్లో ఉన్నారు" అన్నాడు. అక్కేమో "నువ్వు గొడవ చేయొద్దురా, సేవలో ఉన్నవాళ్ళం అడిగితే బాగుండదు" అంటది. వాళ్ళు అడగకూడదు సరే, నేను సేవలో లేనుగా!

వచ్చే నెల సర్వసభ్య సమావేశం ఉంది. పాత రసీదు పుస్తకం జిరాక్స్ తీయించి పెట్టుకున్నా, ఆ ఏడు నెలలవీ. మైకు ఇస్తే మైకులో చదువుతా, లేదంటే మెట్ల దగ్గర చెప్పులు వేసుకునేటప్పుడు చదువుతా.