స్కోరు పట్టికలో కనిపించని ఇచిరో

2025 జనవరిలో అమెరికా బేస్‌బాల్ దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ కోసం క్రీడా విలేకరులు ఓట్లు వేసినప్పుడు జపాన్ ఆటగాడు ఇచిరో సుజుకికి 394లో 393 పడ్డాయి. ఆసియాలో పుట్టిన ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అయినా అభిమానుల కోపమంతా ఓటు వేయని ఆ ఒక్కరి మీదికే పోయింది. ఇచిరో మాత్రం ఆ విలేకరిని ఇంటికి పిలిచి, కలిసి ఓ డ్రింక్ తీసుకుంటూ కబుర్లు చెప్పాలని ఉందన్నాడు. నేనూ ఇచిరో వీరాభిమానినే, కానీ ఆ ఓటు మీద నాకు కోపం రాలేదు. ఇచిరోకు వ్యతిరేకంగా ఒక వాదన ఎప్పటి నుంచో ఉంది. అది చెత్త వాదనేం కాదు.

అదేమిటంటే, బంతి కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడాన్ని హిట్ అంటారు, అమెరికాలో ఇచిరో కొట్టిన 3,089 హిట్లలో 2,514 సింగిల్సే. అంటే ఒక పరుగు కోసం చుట్టాల్సిన నాలుగు బేస్‌లలో మొదటిదాని దాకా చేరుకున్నవి మాత్రమే. ఒక్క దెబ్బతో అన్ని బేస్‌లూ చుట్టేసే హోమ్‌రన్లు 19 సీజన్లలో కలిపి 117. పిచర్ నాలుగు బంతులు గురి తప్పి వేస్తే బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా వస్తుంది, దాన్ని వాక్ అంటారు. ఇచిరోకు ఆ ఓపిక తక్కువ. అందిన బంతినల్లా కొట్టేసేవాడు, అందని వాటిని కూడా కొన్నిసార్లు. గణాంకాల పండితులకు హోమ్‌రన్, వాక్ ఈ రెండూ ప్రాణం. వాళ్ల లెక్కలో సింగిల్ అంటే చిల్లర డబ్బులు. పైగా 2004లో ఇచిరో 262 హిట్లతో అమెరికా మేజర్ లీగ్ రికార్డు కొట్టిన ఏడాదే అతని జట్టు సియాటిల్ మెరైనర్స్ 99 మ్యాచ్‌లు ఓడింది. జట్టు ఏమైపోయినా తన హిట్లు తను చూసుకుంటాడన్న మాట అప్పట్లో గట్టిగానే వినిపించింది.

అంకెలన్నీ నిజమే. వాటి నుంచి తీసే నిర్ణయంతోనే నాకు పేచీ. ఎందుకంటే బేస్‌బాల్ స్కోరు పట్టిక జరిగినవాటినే రాస్తుంది. ఇచిరో ఆటలో సగం, ఎదుటి జట్టు భయపడి చేయకుండా మానేసిన పనుల్లో ఉంది.

ముందు బ్యాటింగ్ చూద్దాం. ఇచిరో పుట్టుకతో కుడిచేతి వాటం. చిన్నప్పుడే తండ్రి నొబుయుకి అతన్ని ఎడమచేతి బ్యాటర్‌గా మార్చాడు. ఎడమచేతి బ్యాటర్‌గా నిలబడితే మొదటి బేస్‌కు ఒకటి రెండు అడుగులు దగ్గరవుతాం. బ్యాటర్ పరుగెత్తాల్సిన దూరం 90 అడుగులు, ఆ దూరంలో ఒక్క అడుగు కలిసొచ్చినా గొప్పే. ఇచిరో ఇంకో పని కూడా చేసేవాడు. బ్యాట్ ఊపడం పూర్తి కాకముందే అతని ఒళ్లు పరుగు వైపు తిరిగిపోయేది. బంతి తగిలీ తగలగానే సగం పరుగు మీద ఉండేవాడు. మామూలు బ్యాటర్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) వైపు నేలబారుగా కొడితే ఫీల్డర్ తాపీగా బంతి అందుకుని, కాళ్లు సర్దుకుని, మొదటి బేస్‌కు విసురుతాడు. ఆ బ్యాటర్ అవుటైనట్టే, టీవీ ముందున్నవాళ్లు చాయ్ పెట్టుకోవడానికి లేచిపోతారు. అదే బంతి ఇచిరో కొడితే ఫీల్డర్‌కు టెన్షన్. గ్లవ్‌లోంచి బంతి తీయడంలో కాస్త ఆలస్యమైనా పని అయిపోతుంది. అందుకే ఇన్‌ఫీల్డర్లు, అంటే బేస్‌ల దగ్గరి ఫీల్డర్లు, అతనికోసం ముందే నాలుగడుగులు లోపలికి వచ్చి నిలబడేవాళ్లు. లోపలికి వస్తే ఏమవుతుంది? పక్కన సందులు పెద్దవవుతాయి, గట్టిగా వచ్చే బంతికి స్పందించే వ్యవధి తగ్గుతుంది. ఇచిరో ఆ సందులు చూసుకుని కొట్టేవాడు. వెనక్కి పోతే పరుగుతో, ముందుకొస్తే బ్యాట్‌తో చంపేవాడు.

2004 రికార్డు ఊరికే రాలేదు. అంతకుముందు ఒక సీజన్‌లో అత్యధిక హిట్ల రికార్డు జార్జ్ సిస్లర్ పేరిట 1920 నుంచి ఉంది, 257. ఎనభై నాలుగేళ్ల పాటు దాన్ని ఎవరూ దాటలేకపోయారు. సిస్లర్ కాలంలో సీజన్‌కు 154 మ్యాచ్‌లే కాబట్టి పోలిక సరికాదనేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. 2009లో ఆల్‌స్టార్ మ్యాచ్ కోసం సెయింట్ లూయిస్ వెళ్లినప్పుడు ఇచిరో సిస్లర్ సమాధి దగ్గరికి వెళ్లి పూలు ఉంచి వచ్చాడు.

ఇక రైట్ ఫీల్డ్, అంటే మొదటి బేస్ వెనక దూరంగా ఇచిరో ఫీల్డింగ్ చేసే చోటు. నా అభిమానానికి అసలు కారణం ఇదే, బ్యాటింగ్ తర్వాతి మాట.

2001 ఏప్రిల్ 11, ఓక్లాండ్. ఇచిరో అమెరికా లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడి నెల కూడా కాలేదు. మొదటి బేస్ మీద ఓక్లాండ్ రన్నర్ టెరెన్స్ లాంగ్ ఉన్నాడు. అతని సహచరుడు రైట్ ఫీల్డ్ వైపు సింగిల్ కొట్టాడు. ఇలాంటప్పుడు మొదటి బేస్ నుంచి మూడో బేస్‌కు పరుగెత్తడం ఏ రన్నరైనా చేసే పనే, ఎందుకంటే మైదానంలో రైట్ ఫీల్డ్ నుంచి మూడో బేస్ చాలా దూరం. లాంగ్ కూడా పరుగెత్తాడు. ఇచిరో ముందుకొచ్చి బంతి తీసుకుని విసిరాడు. ఆ బంతి పైకి లేవలేదు, మధ్యలో నేలను తాకలేదు, గీత గీసినట్టు మూడో బేస్ దగ్గరున్న డేవిడ్ బెల్ గ్లవ్‌లోకి వెళ్లింది. లాంగ్ అవుట్. రేడియో వ్యాఖ్యాత దాన్ని లేజర్ బీమ్ అన్నాడు, జపాన్‌లో ఆ మాట ఇచిరో విసురుకు ముద్దుపేరైపోయింది.

ఆ ఒక్క అవుట్ కన్నా, ఆ తర్వాత జరిగింది ముఖ్యం. రైట్ ఫీల్డ్‌లోకి బంతి పోగానే ఎదుటి జట్ల కోచ్‌లు మూడో బేస్ దగ్గర రెండు చేతులూ ఎత్తి రన్నర్లను ఆపేయడం మొదలుపెట్టారు. ఫీల్డర్ విసిరి అవుట్ చేస్తే పట్టికలో అసిస్ట్ అని రాస్తారు. రన్నర్ భయపడి ఆగిపోతే ఏమీ రాయరు. అందువల్ల పేరు పెరిగేకొద్దీ అవకాశాలు తగ్గుతాయి, అసిస్టుల సంఖ్య మామూలుగానే కనిపిస్తుంది. మన క్రికెట్ చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. బ్యాక్‌వర్డ్ పాయింట్‌లో జాంటీ రోడ్స్ ఉన్నప్పుడు అటువైపు కొట్టి ఎవరు పరుగుకు పిలిచారు? ఆ తీయని పరుగులు ఏ స్కోరుకార్డులో ఉన్నాయి? సియాటిల్ పక్కనే రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో స్థిరపడిన మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు బేస్‌బాల్ మొదట్లో ఎక్కకపోవడం సహజమే, గంటల తరబడి ఏమీ జరగనట్టు ఉంటుంది. ఇచిరో మాత్రం క్రికెట్ కంటికి వెంటనే పట్టుబడే ఆటగాడు.

అమెరికా వాళ్లకు అతన్ని నమ్మడానికి కొంత సమయం పట్టింది. జపాన్‌లో ఒరిక్స్ బ్లూవేవ్ తరఫున 1994 నుంచి 2000 దాకా వరుసగా ఏడేళ్లు అత్యధిక బ్యాటింగ్ సగటుకిచ్చే బ్యాటింగ్ టైటిల్ గెలిచిన మనిషి. అంతకుముందు రెండేళ్లు అక్కడి మేనేజర్ ఇతని వింత స్వింగ్ నచ్చక ఎక్కువ కాలం రెండో జట్టులోనే ఉంచాడు, అది వేరే కథ. ఇరవై ఏడేళ్ల వయసులో సియాటిల్‌కు వస్తే, ఈ బక్కపలచని మనిషి మా పిచర్ల వేగాన్ని తట్టుకోగలడా అన్నారు. ఆ 2001లోనే 242 హిట్లు, 56 దొంగిలించిన బేస్‌లు (పిచర్ బంతి వేసే అదనులో రన్నర్ పరుగెత్తి తర్వాతి బేస్ చేరడం), ఉత్తమ కొత్త ఆటగాడు, అత్యంత విలువైన ఆటగాడు రెండు అవార్డులూ. అక్కడి నుంచి 2010 వరకు పదేళ్లు, ఏటా కనీసం 200 హిట్లు, ఏటా ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్.

జపాన్ హిట్లు 1,278 కూడా కలిపి 4,367 అని, అమెరికాలో అత్యధిక హిట్ల రికార్డున్న పీట్ రోజ్ 4,256ను దాటేశాడని కొందరు అభిమానులు వాదిస్తారు. నాకు ఆ కూడిక నచ్చదు. రెండు లీగుల స్థాయి వేరు. ఇరవై ఏడేళ్లకు మొదలుపెట్టి ఒక్క అమెరికాలోనే మూడు వేలు దాటినవాడికి ఆ ఆసరా ఎందుకు? అలాగే 2011 నుంచి అతని బ్యాటింగ్ బాగా దిగజారిందన్నది కూడా దాచాల్సిన పని లేదు. చివరి కొన్నేళ్లు మూడు వేల మైలురాయి కోసం సాగదీసినట్టే ఉన్నాయి.

ఇప్పుడు అమెరికా స్టేడియాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ అనే కెమెరాల వ్యవస్థ ఉంది. రన్నర్ వేగం, ఫీల్డర్ విసురు వేగం, అన్నీ కొలుస్తుంది. అది అన్ని మైదానాల్లోకి వచ్చింది 2015లో. అప్పటికి ఇచిరోకు 41 ఏళ్లు. అతని మంచి కాలం మొత్తం కొలతకు అందకుండానే జరిగిపోయింది. కాబట్టి యూట్యూబ్‌లో ఆ పాత మ్యాచ్‌లు చూసేవాళ్లకు ఒక్క సలహా. ఇచిరో బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు అతన్ని కాసేపు వదిలేసి మూడో బేస్ ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడో చూడండి. రైట్ ఫీల్డ్‌కు సింగిల్ పోయినప్పుడు బంతిని కాకుండా ఎదుటి జట్టు కోచ్ చేతులు చూడండి.