వైర్ బ్రష్ మాత్రం పట్టకండి

ఫ్రాన్స్‌లో మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన సోమ్, వెర్డన్ యుద్ధభూముల్లో తవ్వితీసిన బాయినెట్లను, అంటే తుపాకీ కొనకు బిగించే పోటు ఆయుధాలను, వైర్ బ్రష్‌తో రుద్ది మెరిపించొచ్చని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ పని చేయకండి.

నా దగ్గర ఫ్రెంచ్ లెబెల్ తుపాకీ బాయినెట్ ఒకటుంది, 1886 మోడల్. కత్తిలా ఉంటుందనుకునేరు, కాదు. నాలుగంచుల ఊచ. కొత్తలో అర మీటరు పైనే ఉండేది. నా దాంట్లో మిగిలింది సగమే, అదీ పొరలు పొరలుగా లేచిపోతూ. తెల్లటి నికెల్ మిశ్రమంతో పోసిన పిడి మాత్రం చెక్కుచెదరలేదు. తెలియక నేనూ మొదట్లో తెగ రుద్దాను. ఆర్నెల్లు తిరక్కుండానే ఊచ మీద నారింజ రంగు చెమట బొట్లు! ఇనుములోకి ఇంకిన లవణాలకు గాలిలో తేమ తగిలితే ఇంతే. ముందు క్షార ద్రావణంలో నానబెట్టి, ఆ నీళ్లు మారుస్తూ లవణాలు లాగాలి. నెలలు పడుతుంది. తర్వాత బాగా ఆరబెట్టి మైనం పూయాలి. మన సముద్రతీరపు ఊళ్లలోనైతే తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలోనే ఉంచాలి.

చట్టం ఊసే ఎత్తలేదేం? ఫ్రాన్స్‌లో చారిత్రక వస్తువుల కోసం మెటల్ డిటెక్టర్‌తో వెతకాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలి. పేలని గుండ్లు ఇప్పటికీ అక్కడి రైతుల నాగళ్లకు తగులుతున్నాయి. పైగా ఆ మట్టిలో మనుషులున్నారు. 1915 మార్చిలో ఉత్తర ఫ్రాన్స్‌లోని నోవ్ షాపెల్ దగ్గర బ్రిటన్ తరఫున పోరాడుతూ మన సిపాయిలు ఎంతమంది నేలకొరిగారో! ఎముకల పక్క నుంచి బాయినెట్ లాగేస్తే ఆ మనిషెవరో తేల్చే ఆధారం ఒకటి పోయినట్టే.

నాది ఏ పొలంలో దొరికిందని అమ్మినాయన్ని అడిగాను. "సోమ్ వైపు సార్" అన్నాడు. అంతే.